పాఠశాల యాజమాన్య కమిటీ (గుంటూరు, ప్రకాశం జిల్లాలు)

పాఠశాల యాజమాన్య కమిటీ అనునది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదివే పిల్లల తల్లిదండ్రులు తమలోనుండి ఎన్నుకొనే సభ్యులు అధిక సంఖ్యలో ఉండే సంఘం. వాడుకలో దీనిని పేరెంట్స్ కమిటీ, విద్యా కమిటీ అని కూడా అంటారు. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో వ్యవసాయ కూలీలు, దళితులు, సుగాలి తండాలవారు, నల్లమల అంచున నివసించే చెంచులు, ఉర్దూ మాట్లాడే ముస్లిములు తమ పిల్లల తరఫున బడిలో మాట్లాడుటకు చట్టం కల్పించిన ముఖ్య వేదిక ఇదే. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు పూర్వపు హద్దులను తెలుపుతాయి.

పూర్వరంగం

గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో ప్రారంభమైనది. ఒంగోలులో బాప్టిస్టు మిషన్ పనికి జాన్ క్లౌ 1866లో వచ్చాడు. మాల, మాదిగ పల్లెలలో అనేక కుటుంబాలకు చదువు ఈ మిషన్ బడులతోనే మొదలయింది. అయితే ఆ బడుల నిర్వహణ మిషన్ చేతిలోనే ఉండేది. తల్లిదండ్రుల కమిటీలకు రాష్ట్రంలో చట్టబద్ధత కల్పించినది 1998 నాటి ఆంధ్ర ప్రదేశ్ పాఠశాల విద్య (సామాజిక భాగస్వామ్య) చట్టం.

కూర్పు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. రాష్ట్ర నియమావళి ప్రకారం ఒక్కొక్క తరగతి నుండి ముగ్గురిని ఎన్నుకొంటారు. ఐదు తరగతుల ప్రాథమిక పాఠశాలకు ఈ లెక్కన 15 మంది అవుతారు. ప్రతి ముగ్గురిలో ఒకరు షెడ్యూల్డు కులాలు, తెగలు మొదలైన వర్గాల పిల్లల తల్లి లేక తండ్రి, మరొకరు బలహీన వర్గాలవారు, ఇద్దరు స్త్రీలు అయి ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. ఊరి పెత్తనం ఒకటి రెండు కుటుంబాల చేతిలో ఉండే గ్రామాలలో ఈ నిబంధన చిన్నదేమీ కాదు.

మిరప కోతలు, వలస

మిరప కోతలు సుమారుగా జనవరి నుండి ఏప్రిల్ వరకు సాగుతాయి. వార్షిక పరీక్షలకు చదువు ముమ్మరంగా సాగవలసిన కాలం కూడా ఇదే. కర్నూలు ప్రాంతం నుండి, ప్రకాశం జిల్లా పడమటి మెట్ట గ్రామాల నుండి కూలీలు కుటుంబాలతో సహా గుంటూరు జిల్లా మిరప చేలకు వస్తారు. పిల్లలను వెంట తెచ్చుకొంటే చదువు ఆగిపోతుంది, ఊళ్ళో వదలిపెడితే చూసేవారుండరు.

కమిటీ వ్యవస్థలోని అతి పెద్ద వెలితి ఇక్కడే కనిపిస్తుంది. వలస వచ్చిన తల్లి సొంత ఊరి సమావేశానికి అందుబాటులో ఉండదు. పని చేసే ఊరి బడిలో ఆమె బిడ్డ పేరు లేనందున అక్కడి కమిటీలో ఆమెకు ఓటు లేదు. వలస వెళ్ళని కూలీలకు సైతం సమావేశం పగటిపూట జరిగితే నాటి కూలి పోయినట్లే.

అయినను చట్టంలో ఇటువంటి కుటుంబాలకు పనికివచ్చే సెక్షన్లు ఉన్నవి. 5వ సెక్షను ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైనదనే కారణంతో మరొక బడి ప్రవేశం నిరాకరించరాదు. 14వ సెక్షను ప్రకారం వయసు ధ్రువపత్రం లేదనీ నిరాకరించరాదు. చదువు మధ్యలో మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షను చెబుతుంది. వలస వెళ్ళేవారి పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకొనేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్ళు నడిపారు. హాస్టలు కావాలని కమిటీ కోరవలసినది వలసకు ముందే. కోతలు మొదలైన తరువాత అడిగేవారు ఊళ్ళో ఉండరు.

పనులు, వివాదాలు

బడుల మరమ్మతుల కొరకు ఉద్దేశించిన నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైనది. మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ వంటి పనులను ఇందులో కమిటీల ద్వారా జరిపించారు. సిమెంటు, ఇసుక లెక్కలు చూసే బాధ్యత అనేకమంది తల్లులకు మొదటిసారి దక్కినది ఇక్కడే.

బోధనా మాధ్యమం విషయం వేరు. ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వులను హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసింది. పిమ్మట ప్రభుత్వం వాలంటీర్ల ద్వారా తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి, 96.17 శాతం మంది ఆంగ్ల మాధ్యమం కోరారని ప్రకటించింది. అది బడులు మూసి ఉన్న లాక్‌డౌన్ కాలం. ఇంటింటా పత్రాలు నింపించారే గాని బడిలో కూర్చొని చర్చించే వీలు లేకపోయింది. 2022లో 117వ నంబరు ఉత్తర్వు కింద 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించినపుడు రాష్ట్రంలో పలుచోట్ల తల్లిదండ్రులు నిరసన తెలిపారు. చిన్నపిల్లలు రహదారులు దాటి నడవవలసి రావడం వారి ప్రధాన అభ్యంతరం. ఈ ఉత్తర్వును 2025లో ఉపసంహరించారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు ఒకే రోజున జరిగాయి. బాపట్ల మునిసిపల్ ఉన్నత పాఠశాలలో జరిగిన సమావేశానికి ముఖ్యమంత్రి హాజరయ్యాడు.

ఫిర్యాదులు

ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు పాఠశాలలకు 21వ సెక్షను వర్తించదు. కావున 25 శాతం ఉచిత సీట్ల కోటాలో, రాష్ట్రంలో 2022-23 నుండి, చేరుతున్న పేద పిల్లల తల్లిదండ్రులకు అక్కడ ఇటువంటి కమిటీ లేదు. అయితే 32వ సెక్షను కింద ఎవరైనా స్థానిక అధికార సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో దానిని పరిష్కరించాలి. తృప్తి చెందనివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేసుకోవచ్చును.