వాటాల నడుమ నలుగుతున్న మండువా లోగిలి

రాజమహేంద్రవరం: గోదావరి తీర పట్టణాలలో పంతొమ్మిదో శతాబ్దపు గృహనిర్మాణానికి గుర్తుగా మిగిలినవి మండువా ఇళ్లు. జమీందారుల దివాణాల ఆర్భాటం వీటికి లేదు. కచేరీ గుమస్తాలు, వకీళ్లు, చిన్నపాటి ధాన్యం వర్తకులు తమ తాహతుకు తగినట్లు కట్టుకున్న ఇళ్లివి.

ఆనకట్ట తెచ్చిన కలిమి

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల కింద డెల్టా పండింది, ధాన్యం వ్యాపారం పెరిగింది, పట్టణాలలో పక్కా ఇళ్లు లేచాయి. ఎగువ అడవుల టేకు గోదావరిపై తెప్పలుగా దిగివచ్చి స్తంభాలుగా, దూలాలుగా మారింది.

నాలుగు చూరులు, ఒకే తూము

శాస్త్రం చతుశ్శాల అన్నదే వాడుకలో నాలుగిళ్ల భవంతి. వీధి అరుగు, సావిడి దాటితే ఆకాశానికి తెరిచిన మండువా. దాని చుట్టూ వసారాలు, పడమటిల్లు, వంటిల్లు, ధాన్యపు కొట్టు. వెనుక పెరడు, నుయ్యి.

నాలుగు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. వాననీరు చూరుల నుంచి నడిమి గుంటలో పడి తూము గుండా బయటకు పోతుంది. వేసవిలో వేడిగాలి మండువా నుంచి పైకి పోగా, ఎదురెదురు గుమ్మాల గుండా చల్లగాలి ఆడుతుంది. గోడలకు ఇటుక, గానుగ సున్నం వాడారు. కప్పులకు తొలుత కుమ్మరుల గూన పెంకులు వేసేవారు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారం వెలిశాక క్రమంగా ఆ తరహా పెంకులు వచ్చాయి.

గడప దాటని ఆనాటి ఇల్లాళ్లకు ఎండ, వెన్నెల, వాన అందినది ఇక్కడే. వడియాలు ఎండినదీ, పెళ్లి పీటలు వేసినదీ ఇక్కడే.

పంపకాలే శాపం

ఈ ఇళ్లను కూల్చుతున్నది వయసొక్కటే కాదు. గదులను పంచుకోవచ్చు గానీ మండువాను పంచుకోలేరు. అన్నదమ్ముల నడుమ అడ్డుగోడ లేస్తే గాలి ఆగుతుంది, నీటి దారి మూసుకుపోతుంది. మూల దోనెల మరమ్మతు ఏ వాటాదారుడిదీ కాకుండా పోతుంది. చెమ్మకు వాసాలు పుచ్చి, ఒక వైపు కప్పు కుంగితే మిగిలిన మూడు వైపులకూ ముప్పే. చివరకు అందరూ ఏకమయ్యేది స్థలం అమ్మకానికే.

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గృహం పురావస్తు శాఖ రక్షణలో నిలిచింది. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిగిన చరిత్ర దానికి అండ. పేరు లేని మండువాలకు ఆ అండ లేదు. వాటిని నిలిపేది వారసుల ఉమ్మడి మాట ఒక్కటే.