సైకిలు దారులను ఎందుకు తీసివేస్తారు? – కొంత చరిత్ర, కొంత వైద్యం



యాలాల్, తాండూరు ప్రాంతాల నుంచి చేవెళ్ళ మీదుగా హైదరాబాదుకు వెళ్ళేవారు పోలీసు అకాడమీ కూడలి వద్ద ఔటర్ రింగు రోడ్డును చేరుకుంటారు. అక్కడి నుంచి నానక్‌రాంగూడ వైపు సర్వీసు రోడ్డు వెంట సౌరఫలకాల కప్పు కింద ఒక సైకిలు దారి సాగుతుంది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు దాని రెండవ శాఖ ఉన్నది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైనప్పుడు ఈ దారి మొత్తం పొడవు 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైకప్పు విద్యుత్ సామర్థ్యం 16 మెగావాట్లు.

ఇటువంటి దారి గురించి ఒక వాదన మీరు వినే ఉంటారు. “ఉదయం వ్యాయామానికి వచ్చే కొద్దిమంది తప్ప ఇందులో ఎవరూ కనిపించరు. పక్కన వందల వాహనాలు కదలక నిలిచిపోతున్నాయి. ఆ స్థలాన్ని రోడ్డులో కలిపివేస్తే మేలు కదా?” ఈ వాదనను తేలికగా తీసివేయరాదు. ఆసుపత్రికి చేరవలసిన అంబులెన్సు కూడా ఆ వాహనాల మధ్యనే చిక్కుకుంటుంది. అయితే ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇతర నగరాలు దీనికి చెప్పిన సమాధానాలను తెలుసుకొని ఆలోచించటం మంచిది.

సైకిలు మనకు వినోద సాధనంగా రాలేదు. 1958లో జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైన తరువాత పక్షానికొకసారి ఇంటింటికి వెళ్ళి జ్వరాల గురించి విచారించి, రక్తపు పూతలు సేకరించిన కార్యకర్తలలో ఎందరో సైకిళ్ళపైనే తిరిగారు. నేను ఉద్యోగంలో చేరిన రోజులలో కూడా ప్రాథమిక ఆరోగ్యకేంద్రం ముందు నిలిచి ఉండే వాహనాలు ఎక్కువగా సైకిళ్ళే. పాలవారు, పత్రికలు వేసేవారు, తాపీ మేస్త్రీలు, పాఠశాల పిల్లలు దానిపైనే ఆధారపడ్డారు. 2011 జనాభా లెక్కలలో కూడా వ్యవసాయం, గృహపరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం సైకిలుపైనే పనికి వెళ్ళేవారని తేలింది. మోటారు వాహనాలు పెరిగినకొద్దీ వారు రోడ్డు అంచుకు, అంచు నుంచి మట్టిలోకి జరిగారు.

2006లో వెలువడిన జాతీయ పట్టణ రవాణా విధానం ఒక మంచి సూత్రాన్ని చెప్పింది: రోడ్డు మీద కదలవలసినవి వాహనాలు కావు, మనుషులు. ఆ దృష్టితో ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు బస్సులకు, సైకిళ్ళకు వేర్వేరు వరుసలతో ఒక కారిడార్‌ను నిర్మించి, 2008 ఏప్రిల్‌లో ప్రారంభించారు. దాని నిర్మాణంలోను, కూడళ్ళ నిర్వహణలోను లోపాలు లేకపోలేదు. తమ వరుసలు ఇరుకయ్యాయని కార్లవారు ఆగ్రహించారు, వ్యాజ్యం నడిచింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. అయినా 2016లో కారిడార్‌ను తొలగించారు. లోపాన్ని సరిచేయటానికి బదులు ఏర్పాటునే తీసివేశారు.

కలకత్తాలో మరింత కఠినమైన నిర్ణయం జరిగింది. 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్లపై సైకిళ్ళను నిషేధించారు. దారి తీసివేయటం కాదు, మనిషినే తీసివేయటం. పాలు, కూరగాయలు, పత్రికలు మోసే పేదల జీవనం దెబ్బతిన్నది. నిరసనలు వచ్చిన తరువాత ఆ రోడ్ల సంఖ్యను తగ్గించారు.

ఇది బీదదేశాల సమస్య మాత్రమే అనుకోవద్దు. మన తెలుగువారు వేలాదిగా స్థిరపడిన కెనడాలో ఒంటారియో ప్రభుత్వం 2024 నవంబరులో ఒక చట్టం చేసి, టొరాంటోలోని బ్లూర్, యాంగ్, యూనివర్సిటీ వీథుల నుంచి సైకిలు దారులను తొలగించదలచింది. వాహనాల రద్దీ తగ్గించటమే లక్ష్యమన్నది. 2025 జులైలో అక్కడి సుపీరియర్ కోర్టు ఆ తొలగింపు మనుషుల ప్రాణరక్షణ హక్కుకు భంగకరమని తీర్పునిచ్చింది. దారులు తీసివేస్తే రద్దీ తగ్గుతుందనటానికి సరియైన ఆధారం లేదని కూడా తీర్పు పేర్కొన్నది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది.

దీనికి ఎదురు నడిచిన దేశం నెదర్లాండ్స్. అక్కడ కూడా యుద్ధానంతరం కార్లకు చోటు కల్పించటానికి సైకిళ్ళను పక్కకు నెట్టారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. “పిల్లల హత్యలు ఆపండి” అనే పేరుతో తల్లిదండ్రులు ఉద్యమించారు. 1973 చమురు సంక్షోభం ఆ ఉద్యమానికి బలమిచ్చింది. క్రమంగా సైకిలు దారులను ఒకదానితో ఒకటి కలుపుతూ నిర్మించారు. వాహనాలు ఎన్నో రెట్లు పెరిగినా 2023లో అక్కడి రోడ్డు మరణాలు ఏడు వందల లోపే.

ఇక వైద్యుని మాట. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సులలో కూర్చుండే డ్రైవర్ల కంటె మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని చూపాడు. శరీరశ్రమకు, హృద్రోగాలకు గల సంబంధంపై ఆధునిక పరిశోధనకు అది నాంది. 2017లో బ్రిటనులో రెండున్నర లక్షలమందికి పైగా పరిశీలించిన అధ్యయనంలో సైకిలుపై పనికి వెళ్ళేవారిలో మరణాల అవకాశం 41 శాతం తక్కువగా కనిపించింది. ఆ తేడా అంతా సైకిలు వలననే అని చెప్పలేము. ఆరోగ్యవంతులే సైకిలు ఎక్కువగా త్రొక్కుతూ ఉండవచ్చు. అయినా పది కోట్లమందికి పైగా మధుమేహంతో ఉన్న మన దేశానికి ఇది విస్మరించదగిన విషయం కాదు.

ఆ మేలు దక్కాలంటే ముందు మనిషి క్షేమంగా ఇల్లు చేరాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో 44 శాతానికి పైగా మోటారు ద్విచక్రవాహనాలపై ఉన్నవారు, 19 శాతానికి పైగా పాదచారులు. వాహనవేగం రెండింతలైతే దాని తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. చర్మం, ఎముకలు తప్ప సైకిలు త్రొక్కేవానికి వేరే కవచం లేదు. మన దారిలోనే, 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, తాండూరు బస్సు ఢీకొన్నప్పుడు 19 మంది మరణించారు. బస్సులో కూర్చున్నవారికే రక్షణ లేని చోట బడికి సైకిలుపై వెళ్ళే బాలిక సంగతి ఆలోచించండి.

సైకిలు దారి ఖాళీగా ఉండటం రోగలక్షణం. రోగం వేరే ఉంటుంది. జ్వరం చూసి రోగిని ఇంటికి పంపివేయము, జ్వరకారణం వెదకుతాము. దారి ఇంటి నుంచి పనికి చేరుస్తున్నదా? మధ్యలో తెగిపోతున్నదా? కూడలి దాటటానికి వీలున్నదా? లెక్కించినవారు ఏ వేళలో లెక్కించారు? నది మీద ఈదేవారు లేరని వంతెన అనవసరమని ఎవరూ అనరు కదా! ఔటర్ రింగు రోడ్డు దారి ఎక్కువగా వ్యాయామానికే ఉపయోగపడుతున్నదన్న విమర్శలో నిజమున్నది. దానికి మందు, ఆ దారిని నివాసాలకు, కార్యాలయాలకు, మెట్రో స్టేషన్లకు కలపటం.

యాలాల్‌లో ప్రత్యేక సైకిలు దారి ఎవరూ అడగటం లేదు. నాపరాళ్ళు, సిమెంటు మోసే లారీలు తిరిగే రోడ్లను వెడల్పు చేసేటప్పుడు అంచున మూడు నాలుగు అడుగుల గట్టి జాగా, దానికి స్పష్టమైన తెల్లగీత, బడుల వద్ద వేగనిరోధకాలు ఉంటే చాలు. గ్రామసభలో ఇది అడగటానికి మీకు హక్కున్నది.

మీరు సైకిలు త్రొక్కదలిస్తే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట లక్ష్యంగా పెట్టుకోండి. గుండెజబ్బు, శ్రమలో ఆయాసం, ఛాతీలో నొప్పి ఉన్నవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి. ఇన్సులిను, చక్కెర తగ్గించే మందులు వాడేవారు కొద్దిగా చక్కెర వెంట ఉంచుకోవాలి. శిరస్త్రాణం ధరించండి, చీకటిలో ముందు దీపం, వెనుక ఎర్ర దీపం తప్పనిసరి.