సత్యజిత్ రాయ్: అట్టబొమ్మల సాక్ష్యం

సత్యజిత్ రాయ్ అనగానే సినిమా దర్శకుడే గుర్తొస్తారు. ‘పథేర్ పాంచాలి’ విడుదలైంది 1955లో. దానికి పన్నెండేళ్ల ముందే, 1943లో, ఆయన కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా చేరారు. జీతం నెలకు 80 రూపాయలు. ఈ పన్నెండేళ్లను సినిమాకు పీఠికగా మాత్రమే చదవడం సరికాదని నా అభిప్రాయం.

బొమ్మల విద్య ఆయనకు వారసత్వమని చెబుతుంటారు. తాత ఉపేంద్రకిశోర్, తండ్రి సుకుమార్ ఇద్దరూ రాసి, గీసి, అచ్చువేసినవాళ్లే. కానీ 1923లో తండ్రి పోయేనాటికి రాయ్‌కు రెండేళ్లు. కొన్నేళ్లకే కుటుంబ ముద్రణాలయమూ చేజారింది. అందుకే ఇంటి వాతావరణం కంటే శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల శిక్షణకే ఎక్కువ విలువ ఇవ్వాలనిపిస్తుంది. అక్కడి చదువు మధ్యలోనే ఆపేసినా, 1972లో వినోద్ బిహారీ మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీశారు.

బొమ్మల పని పీఠిక మాత్రమే కాదనడానికి గట్టి ఆధారాలు, ఆయన అట్టలు వేసిన ప్రచురణ సంస్థ సిగ్నెట్ ప్రెస్ పుస్తకాల్లో దొరుకుతాయి. వేటగాడు జిమ్ కార్బెట్ రాసిన కుమావూన్ పులుల పుస్తకం బెంగాలీ అనువాదానికి ఆయన వేసిన అట్టనే తీసుకుందాం. ముందు అట్ట మీద పులిచర్మం, దానిలో తూటా దూరిన చిల్లు. వెనక అట్ట మీద అదే తూటా బయటికి దూసుకొచ్చిన చిల్లు. పుస్తకం మొత్తం పులి ఒళ్లయింది! బొమ్మలో కదలికను ఇమిడ్చే ఆలోచన ఇది. దర్శకుడు కాకముందే ఆయన చేతికి వచ్చేసింది.

1940ల మధ్యలో ‘పథేర్ పాంచాలి’ నవలకు పిల్లల సంక్షిప్త ప్రతి అయిన ‘ఆమ్ ఆంటిర్ భేపు’కూ బొమ్మలు వేశారు. ఆ కథను సినిమాగా తీయాలన్న ఊహ అక్కడే మొలిచింది. అంతమాత్రాన సినిమా మొత్తం ఆ బొమ్మల్లోంచే పుట్టిందనడం తొందరపాటే. 1950లో లండన్‌లో చూసిన ‘బైసికిల్ థీవ్స్’ సినిమా ప్రభావాన్ని పక్కన పెట్టలేం. కొత్త ముఖాలతో, అసలు ఊళ్లోనే తీయవచ్చన్న ధైర్యం అక్కడిది; దృశ్యాన్ని ముందే గీసి చూసుకునే అలవాటు మాత్రం కుంచెది.

పేరు వచ్చాక కూడా ఆ పని ఆగలేదు. 1961లో తాతగారి పిల్లల పత్రిక ‘సందేశ్’ను మళ్లీ మొదలుపెట్టి, దానికి బొమ్మలు గీశారు. తన సినిమాలకు పోస్టర్లు వేశారు. రే రోమన్, రే బిజార్ అనే ఆంగ్ల అక్షర శైలులు రూపొందించారు. పీఠికే అయితే పుస్తకం మొదలయ్యాక ముగిసిపోవాలి కదా.

ఈసారి ఏ పాత పుస్తకాల దుకాణంలోనైనా సిగ్నెట్ వారి బెంగాలీ పుస్తకం కనిపిస్తే, లిపి రాకపోయినా సరే, అట్టను రెండువైపులా తిప్పి చూడండి.