మాల్టు తయారీ: చరిత్ర

ధాన్యాన్ని నానబెట్టి, మొలక రానిచ్చి, ఆ మొలకను వేడితో అక్కడే ఆపేస్తే తయారయ్యేది మాల్టు. బీరుకు మూలసరుకు ఇదే. ఎక్కువగా వాడేది బార్లీ. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు, దాన్ని దంచి వేడినీళ్లలో కలిపినప్పుడు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తీపినీటిని ఈస్టు పులియబెడుతుంది. ఫ్రెంచి రసాయనవేత్తలు పాయెన్, పెర్సోజ్ 1833లో పిండిని ఇలా చక్కెరగా మార్చే పదార్థాన్ని మాల్టు నుంచి వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. కారణం తెలియకపోయినా, పని వేల ఏళ్లుగా సాగుతూనే ఉంది. క్రీ.పూ. 1800 ప్రాంతపు సుమేరియన్ స్తోత్రం ఒకటి బీరు దేవత నిన్‌కాసిని కీర్తిస్తూ మాల్టు నానబెట్టడాన్ని వర్ణిస్తుంది.

ఈ వృత్తి చరిత్ర నిండుగా కనిపించేది ఇంగ్లండులో. అక్కడ బార్లీని రెండు మూడు రోజులు తొట్లలో నానబెట్టి, నీరు వార్చి, గచ్చు మీద పరిచేవారు. మొలిచే గింజ వేడెక్కుతుంది. వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. అందుకని రాత్రీ పగలూ చెక్క పారలతో తిరగేస్తూ ఉండాలి. ఎండాకాలంలో గింజ అదుపు తప్పేది కనుక చలి రోజుల్లోనే పని జరిగేది.

తర్వాతి ఘట్టం బట్టీ. మాల్టు రంగూ రుచీ తేలేది అక్కడే. కట్టెలతో ఆరబెడితే పొగ వాసన పట్టేది. రాక్షసి బొగ్గు వాడితే దాని గంధకం సరుకును చెడగొట్టేది. 17వ శతాబ్దంలో డెర్బీషైర్ వాళ్లు ఆ బొగ్గును ముందే కాల్చి, కోక్‌గా మార్చి వాడారు. పొగ వాసన లేని లేతరంగు మాల్టు వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో మాల్టు మరలు చేసే వాని దగ్గర పని నేర్చుకున్న అబ్రహాం డార్బీ 1709లో కోల్‌బ్రూక్‌డేల్‌లో అదే కోక్‌తో ఇనుము కరిగించాడు. పారిశ్రామిక విప్లవ చరిత్రలో మాల్టు బట్టీకి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

ప్రభుత్వానికి మాల్టు మంచి రాబడి. ఇంగ్లండులో 1697లో పన్ను వేశారు. గింజ తొట్టిలో ఎంతసేపు నానాలో కూడా చట్టమే నిర్ణయించేది. ఎక్సైజు అధికారి వచ్చి రాశిని కొలిచి వెళ్లేవాడు. 1713లో ఈ పన్నును స్కాట్లండుకు విస్తరించబోతే, రెండు రాజ్యాల ఐక్యతనే రద్దు చేయాలన్న తీర్మానం ప్రభువుల సభలో నాలుగంటే నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1725లో పన్ను అమలు కాగానే గ్లాస్గో జనం, దాన్ని సమర్థించాడని పార్లమెంటు సభ్యుడు డేనియల్ క్యాంప్‌బెల్ ఇంటిని ధ్వంసం చేశారు. పరిహారంగా వచ్చిన సొమ్ము కలుపుకొని ఆయన ఐలా దీవిని కొన్నాడు. నేడు మాల్టు విస్కీకి పేరుమోసిన దీవి అదే. ఈ పన్నును 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ తీసేసి, బీరు మీద సుంకం విధించాడు.

18వ శతాబ్దపు లండన్‌లో హమాలీలు ఇష్టపడిన నల్లని బీరుకు వాళ్ల పేరే, పోర్టర్ అని, స్థిరపడింది. దానికి ముదురు గోధుమరంగు మాల్టు వాడేవారు. తీపినీటి చిక్కదనం కొలిచే పరికరాన్ని 1784లో జాన్ రిచర్డ్‌సన్ ప్రచారంలోకి తెచ్చాక అసలు లెక్క బయటపడింది: ఖరీదైన లేతరంగు మాల్టే ఎక్కువ చక్కెర ఇస్తోంది. వ్యాపారులు దానివైపు మళ్లారు. మరి నలుపు ఎలా? 1817లో డేనియల్ వీలర్, కాఫీ గింజల్లా మాల్టును తిరిగే పీపాలో మాడ్చే పద్ధతికి పేటెంటు పొందాడు. ఒక్క గుప్పెడు నల్ల మాల్టు చాలు, పీపా అంతా రంగెక్కేది.

1842లో బొహేమియాలోని పిల్సెన్‌లో యోసెఫ్ గ్రోల్, ఇంగ్లీషు తరహా బట్టీలో ఆరబెట్టిన లేత మాల్టుతో బంగారురంగు బీరు కాచాడు. ఇవాళ ప్రపంచమంతా తాగుతున్న బీరుకు అదే వరవడి. శతాబ్దం చివరికి గాలి ఊది మొలకెత్తించే యంత్రాలు వచ్చి, గచ్చునీ చెక్క పారనూ చాలాచోట్ల మాన్పించాయి.

మన దేశానికి ఈ పరిశ్రమ 19వ శతాబ్దంలో కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ పెట్టిన బీరు కర్మాగారంతో వచ్చింది. బీరుతో పనిలేని మాల్టు తెలుగు ఇళ్లకు మరింత దగ్గర. హార్లిక్స్ తయారయ్యే ధవళేశ్వరం కర్మాగారానికి ఆధారం మాల్టు చేసిన బార్లీయే. రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి వేయించి పిండి పట్టించేదీ మాల్టు తయారీయే. పసిపిల్లలకు పోసే రాగి మాల్టు జావ ఆ పిండితో కాచిందే.