గోడెక్కిన బొంత

మా ఇంటికి ఎవరన్నా వస్తున్నారంటే మా అమ్మ ముందు చేసే పని బొంతలు దాచడం. చుట్టి అటక మీదికి విసిరేసి, మంచం మీద దుప్పటి పరిచేది. అలాంటి బొంతల్ని నేను గోడలకి కడతానంటే ఎలా ఒప్పుకుంటుంది? "ఇన్నేళ్లు దాసిన దరిద్రాన్ని ఊరందరికీ సూపించీస్తావేటే? సదివించినందుకు ఇదేనా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

నేను పైడి కులంలో పుట్టాను. శ్రీకాకుళం జిల్లాలో ఓ ఊరి చివర మా పేట. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ప్రభుత్వ బడిలో సోషల్ టీచర్ని. ఢాకా మస్లిన్ గురించి పిల్లలకి చెబుతాను. మావాళ్ల నేత గురించి పాఠం లేదు. 1891 మద్రాసు జనాభా లెక్కల్లో మాత్రం ఒక ముక్క ఉంది. విశాఖపట్నం జిల్లా పైడివాళ్లు వ్యవసాయ కూలీలు, నేతగాళ్లు అని రాశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చేసిన కులాల సంపుటాల్లో అదే మాట మళ్లీ ఎత్తి రాశాడు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మేం నేతగాళ్లమా? మరి మా పేటలో ఒక్క మగ్గం గుంట కూడా లేదేం? మా తాత కంబారి. అమ్మమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. నాన్న విజయవాడ, హైదరాబాదుల్లో మేడలు కట్టే పనికి వలసపోయాడు. మా చేతుల్లోంచి మగ్గం ఎప్పుడు పోయిందో చెప్పేవాళ్లే మిగల్లేదు.

మా జిల్లాలోనే పొందూరుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, వడికి నేసే సన్నఖాదీకి దేశమంతా పేరు. పేరు రావడం మంచిదే. కానీ ముతకగుడ్డ నేసిన చేతులకి పేరు లేదు. ముతకగుడ్డ మ్యూజియంలోకి పోదు. చిరిగేదాకా కడతారు, చిరిగాక బొంతలో కలుపుతారు. కాబట్టి మా చరిత్ర వెతకాలంటే ముందు బొంత విప్పాలి.

అమ్మమ్మ బొంత అడుగున గోనె, నడుమ తాత పంచెలు, పైన చీర ఉండేవి. నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చీమలబారులా కుట్టుకుంటూ పోయేది. పైచీర ఎప్పుడూ మాది కాదు. నాయుళ్ల ఇంట్లో ముసలమ్మ పోతే ఆమె చీరలు అమ్మమ్మకి వచ్చేవి. చండాలులు చచ్చినవాళ్ల గుడ్డలే కట్టాలని మనుస్మృతి పదో అధ్యాయంలో ఉంది. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్, ఆయన వెంట నడిచినవాళ్లు ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. అందులోని మాట మా ఇంట్లో మా ఒంటి మీదే ఉందని నాకు బొంత చెప్పింది.

2020లో కరోనాకి బడులు మూసినప్పుడు నేను సూది పట్టాను. మూడేళ్లలో పద్నాలుగు బొంతలు కుట్టాను. ఒకటి నాన్న సిమెంటు మరకల లుంగీలతో. ఒకటి లక్ష్మీపేట బొంత. మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకున్న భూముల్లో మిగిలిన నేల కోసం తగువు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో దళితుల మీద పడ్డ దాడి ఐదుగురి ప్రాణాలు తీసింది. మట్టిరంగు గుడ్డ మీద ఐదు ఎర్ర ముక్కలు వేశాను. ఇంకేమీ వెయ్యలేకపోయాను.

పట్నంలో ఒక హాలు అడిగితే, "బొమ్మలైతే పెట్టండి మేడం, పాతగుడ్డలు బాగోవు" అన్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పాతగుడ్డలతో కుట్టిన బొంతల్నే 2002లో హ్యూస్టన్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకి కట్టారు. 2006లో వాటిమీద తపాలా బిళ్లలు వేశారు. బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్ అయితే 1886లోనే జార్జియాలో పత్తి సంతలో తన బైబిల్ బొంత పెట్టింది. గడవక తర్వాత ఐదు డాలర్లకి అమ్ముకుంది. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

చివరికి 2023 ఏప్రిల్ 14న మా పేట కమ్యూనిటీ హాల్లోనే పెట్టాను. మేకు కొడితే బొంత చిరుగుతుంది. అందుకని పైఅంచు వెనక చీరపట్టీ గొట్టంలా కుట్టి, వెదురుకర్ర దూర్చి, తాడుతో పైన ఇనప కొక్కేలకి కట్టాం. మొదటిదానికి నడుమ ఒక్కచోటే తాడు వేశాం. రాత్రికి రాత్రే కర్ర వంగి కిందపడింది. తెల్లారి రెండు చివర్లా తాళ్లు వేశాం. గోడకి అంటించకుండా రెండడుగులు ఎడం ఉంచాను. వెనక కుట్లు కూడా కనపడాలి గదా.

పేటవాళ్లు బొమ్మలు చూడలేదు, గుడ్డలు చూశారు. "ఇది మా అయ్య పంచి", "ఇది నా పెళ్లి సీర" అని వేలు పెట్టి చూపించుకున్నారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన మాత్రం కెమెరా తీశాడు.

అమ్మ పొద్దుపోయాక వచ్చింది. గుమ్మం పక్కన కట్టిన అమ్మమ్మ బొంత దగ్గర ఆగింది. అక్కడున్నవాటిలో నేను కుట్టనిది అదొక్కటే. వెనక్కి వెళ్లి కుట్లు తడిమింది. "ఈ బారు నాను కుట్టినాను. నువ్వు కడుపులో ఉన్నావు" అంది. కెమెరా ఆయన దాని ధర అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "అది అమ్మం బాబూ" అంది.

1891 లెక్కల్లో మా కులం పేరుంది, మనిషి పేరు లేదు. నేనూ ఆ బొంత కింద 'మా ఇంటి పాత బొంత' అని చీటీ అంటించాను. ఆ రాత్రి అది పీకేసి, అమ్మమ్మ పేరు, అమ్మ పేరు రాసి మళ్లీ అంటించాను.