నక్షత్రాల దారిలో మాటుగాళ్లు

పలమనేరు నుంచి చిత్తూరుకు మొగిలి కనుమ మీదుగా దిగినవాళ్లు కిటికీలోంచి ఒక్కసారి చూస్తే చాలు, పాతకాలపు యుద్ధాలన్నీ కనుమల దగ్గరే ఎందుకు జరిగాయో అర్థమవుతుంది. సైన్యమైనా బండ్ల బిడారైనా ఆ ఇరుకులోంచి పోవాల్సిందే. 1791 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఆంబూరు వైపు కదులుతున్నట్టు టిప్పును నమ్మించి, కాపలా లేని మొగిలి కనుమ గుండా సైన్యాన్ని మైసూరు పీఠభూమి మీదికి ఎక్కించాడు. మాటు వేసిన చోటికి అసలు పోకపోవడమే ఆ దండయాత్రలో అతని మొదటి గెలుపు.

రాజులు రాని రోజుల్లో ఈ దారులు పాలెగాళ్లవి. మదనపల్లె సీమ 1800లో దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటికి ఆ మండలాల్లో 80 మంది దాకా పాలెగాళ్లున్నారని కలెక్టర్ మన్రో లెక్క. పుంగనూరు, కుప్పాన్ని ఏలిన కంగుంది తర్వాత జమీన్లుగా నిలిచాయి. ఊళ్ల దగ్గరా వర్తకుల దగ్గరా కావలి రుసుము వసూలు చేసుకోవడం పాలెగాడి హక్కు, సరుకు పోతే పూచీ పడటం అతని బాధ్యత. రుసుము కట్టని బండి ఏ గుట్ట చాటున ఆగిపోతుందో వేరే చెప్పాలా? కంపెనీ ఆ కావలిని తన పోలీసు కిందికి లాక్కోవడం, 1804లో చిత్తూరు పడమటి పాలెగాళ్లు తిరగబడటానికి ఒక కారణం.

ఈ పాత కథ ఎత్తుకోవడానికి కారణముంది. కంప్యూటర్ అంతరిక్ష ఆటల్లో అరవై ఏళ్లుగా దారి కాచి కొట్టడం ఎలా పెరిగిందో చూస్తుంటే, అక్కడా పాలెగాళ్లు పుట్టారు, కావలి రుసుము పుట్టింది, కంపెనీ పోలీసులూ వచ్చారు. ఎవరూ మన చరిత్ర చదివి ఈ పని చేయలేదు. దారి ఇరుకైన చోట మనిషి బుద్ధి అలాగే నడుస్తుంది, అంతే.

మొదటి మాటు 1962లో అమెరికాలోని ఎంఐటీలో పడింది. స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' రాశారు. తెర మధ్యలో ఒక నక్షత్రం, దాని ఆకర్షణ చుట్టూ తిరిగే రెండు ఓడలు. నక్షత్రం చాటు చేసుకుని ఎదుటివాడి వెనక తేలడమే అందులోని ఎత్తు. ఆడేవాళ్లిద్దరూ భుజం భుజం తగిలేలా కూర్చునేవాళ్లు కాబట్టి అది సరదాగానే ఉండేది. పక్కనున్నవాణ్ణి వేధించి మళ్లీ వాడితోనే కాఫీకి పోవడం ఎవరికైనా కష్టమే.

1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ చేసిన 'ఎలీట్' ఒంటరి ఆట. అయినా ఈ కథలో దానికి పెద్దపీట వేయాలి. 8 గెలాక్సీలు, ఒక్కో దానిలో 256 లోకాలు. ఏ లోకంలో ఎలాంటి ప్రభుత్వం ఉందో దాన్నిబట్టి దారిలో దొంగల బెడద. అరాచక లోకానికి సరుకు మోస్తే ప్రాణాల మీదికే వస్తుంది. దారి ప్రమాదాన్ని పటం మీద రాసి ఉంచి, పోవాలో మానాలో ఆటగాడికే వదిలేసిన ఈ పద్ధతిని తర్వాతి ఆటలు ఎన్నో వాడుకున్నాయి. తేడా ఒక్కటే. ఎలీట్‌లో దొంగ కంప్యూటరే, వాడికి కసి లేదు.

దొంగ స్థానంలోకి మనిషి వచ్చాక ఏం జరిగిందో అంతరిక్షం బయటి ఆటల్లో ముందు తెలిసింది. అక్షరాలతో నడిచే మొదటి 'మడ్' ఆటను రాయ్ ట్రబ్‌షాతో కలిసి కట్టిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడగొట్టాడు. నాలుగో రకానికి పెట్టిన పేరు 'కిల్లర్లు'. వీళ్లకు కావాల్సింది సరుకు కాదు, ఎదుటి మనిషి గిలగిల. మరుసటి ఏడాది 'అల్టిమా ఆన్‌లైన్' పరీక్ష దశలో దాని సృష్టికర్త రిచర్డ్ గారియట్ రాజు వేషంలో వేదికెక్కితే, ఒక మామూలు ఆటగాడు నిప్పు మంత్రం వేసి చంపేశాడు. ఆట విడుదలయ్యాక కొత్తవాళ్లు ఊరి పొలిమేర దాటితే చచ్చేవాళ్లు. చివరికి 2000లో కంపెనీ లోకాన్నే రెండుగా చీల్చింది: ఒకటి చంపుకునేవాళ్లకు, ఒకటి చావు ఇష్టం లేనివాళ్లకు.

ఆ చీలికను ఒప్పుకోని ఆట 'ఈవ్ ఆన్‌లైన్'. ఐస్‌లాండ్‌లోని సీసీపీ అనే చిన్న సంస్థ 2003 మే 6న విడుదల చేసింది. వేల నక్షత్ర మండలాలు, అందరూ ఒకే లోకంలో. ఒక మండలం నుంచి ఇంకో మండలానికి గేటులోంచే దూకాలి. గేటంటే కనుమే! మొదటి నెలల్లోనే 'మూ' అనే చిన్న ముఠా రద్దీ గేట్ల దగ్గర కాపు వేసి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు పేల్చింది. చివరికి కంపెనీ మనుషులే కలుగజేసుకోవాల్సి వచ్చింది.

ఈవ్‌లో భద్రత ఎక్కువున్న మండలాల్లో పోలీసు ఉంది, పేరు కాంకర్డ్. అది నేరాన్ని ఆపదు, నేరం జరిగిన కొన్ని సెకన్లలో వచ్చి నేరస్థుడి ఓడను పేలుస్తుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఈ ఒక్క నియమమే. శిక్ష తప్పదని తెలిశాక దొంగ దాన్ని ఖర్చు కింద రాసుకున్నాడు. చవక ఓడలు పది, పదిహేను తెచ్చి, పోలీసు వచ్చేలోపు ఖరీదైన సరుకు ఓడను పేల్చేస్తే, రాలిన సరుకు విలువ పోయిన ఓడల విలువకు ఎన్నో రెట్లు. దీన్నే ఆత్మాహుతి గ్యాంక్ అన్నారు. పైగా చాలా ఏళ్లు, పోలీసు పేల్చిన ఓడకూ బీమా డబ్బు వచ్చేది! 2011 చివర్లో గానీ కంపెనీ ఆ సౌకర్యం ఎత్తేయలేదు. 2010లో ఒకాయన 74 ప్లెక్స్‌లు, అంటే నిజం డబ్బుతో కొనే ఆట కాలపు పత్రాలు, ఒక చిన్న కెస్ట్రెల్ ఓడలో వేసుకుని ఆటలోని జిటా అనే సంత దగ్గర తిరుగుతూ దొరికిపోయాడు. ఒక్క క్షణంలో సుమారు 1,300 డాలర్లు బూడిద.

సరుకు కోసం చేసే మాటు నుంచి మనుషుల మీదికి తిరిగిన మాటు మరో రకం. 2005లో 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అనే కిరాయి గుంపు ఏడాదికి పైగా ఒక సంస్థలో నమ్మకస్తులుగా చేరి, ఒకే గంటలో గిడ్డంగులు ఊడ్చి, నాయకురాలి ఓడను పేల్చింది. నష్టం నిజం డబ్బులో 16,500 డాలర్లని అప్పట్లో లెక్కగట్టారు. నియమాల ప్రకారం అందులో తప్పేమీ లేదు. 2012 ఏప్రిల్‌లో 'గూన్‌స్వార్మ్' కూటమి ముందే చాటింపు వేసి మరీ జిటాకు నిప్పు పెట్టింది, కంపెనీ అడ్డుకోలేదు. అదే ఏడాది 'జేమ్స్ 315' అనే ఆటగాడు, ప్రశాంతంగా గనులు తవ్వుకునేవాళ్ల దగ్గర ఏడాదికి కోటి ఇస్క్ (ఆటలోని డబ్బు) చొప్పున అనుమతి రుసుము వసూలు మొదలుపెట్టాడు. కట్టనివాడి ఓడ పేలిపోతుంది. మన పాలెగాడి కావలి రుసుమే, కాకపోతే ఇక్కడ పూచీ ఏమీ లేదు.

హద్దు దాటింది కూడా ఆ ఏడాదే. 2012 మార్చిలో రేక్జావిక్‌లో జరిగిన ఈవ్ ఉత్సవంలో, గూన్‌స్వార్మ్ నాయకుడు 'ద మిట్టాని' మైకు పట్టుకుని, ఆత్మహత్య ఆలోచనలున్నాయని చెప్పుకున్న ఒక ఆటగాణ్ణి వేధించమన్నట్టు మాట్లాడాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, ఆటగాళ్ల మండలి అధ్యక్ష పదవి వదిలాడు, కంపెనీ నెల రోజులు నిషేధించింది. 2014లో మోసపోయిన ఒక మనిషిని వాయిస్ చాట్‌లో గంటల తరబడి ఏడిపించి రికార్డు చేసిన వ్యవహారం బయటపడ్డాక ఇంకో నిషేధం వచ్చింది. ఓడను పేల్చడం ఆట, ఓడ వెనక మనిషిని పేల్చడం ఆట కాదు. ఈ తేడా చెప్పడానికి ఆ కంపెనీకి పదకొండేళ్లు పట్టడం నా దృష్టిలో క్షమించదగ్గది కాదు.

2014 డిసెంబరులో వచ్చిన 'ఎలీట్ డేంజరస్' వేరే దారి పట్టింది. అందరితో కలిసి ఆడొచ్చు, తెలిసినవాళ్ల గుంపులో ఆడొచ్చు, ఒంటరిగానూ ఆడొచ్చు. మూడింటికీ గెలాక్సీ ఒకటే. అయినా 2017 ఏప్రిల్ 29న, కథలో ముఖ్యపాత్ర సలోమీని వందలమంది కాపు కాస్తూ తీసుకెళ్తుంటే, రక్షకుల్లో ఒకడే ఆమె ఓడను పేల్చాడు. ఇదే ఆటలో ఇంధనం అయిపోయి చీకట్లో చిక్కుకున్నవాళ్లకు పైసా తీసుకోకుండా ఇంధనం తెచ్చిపోసే 'ఫ్యూయల్ ర్యాట్స్' 2015లో పుట్టారు. గ్యాంకర్ల గురించి మాట్లాడినంతగా వీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

మన దగ్గర ఈ ఆటలు ఆడేవాళ్లు తక్కువ. మాటు మాత్రం తెలియనిది కాదు. పబ్‌జీలో ఎరాంగెల్ పటం మీద సైనిక స్థావరం ఉన్న ద్వీపానికి పోయే వంతెనల దగ్గర కార్లు అడ్డం పెట్టి కూర్చున్నవాళ్లు మదనపల్లె హాస్టళ్లలోనూ కుప్పం క్యాంపస్‌లోనూ ఉండే ఉంటారు. 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది మాటుగాళ్ల వల్ల కాదు, చైనా సంబంధం వల్ల. వంతెన మీద చచ్చినవాడికి పడవ దారి ఎప్పుడూ ఉంది. అది ఎంచుకునే ఓపిక ఉండాలి, అంతే.

ఇప్పుడు ఈవ్ మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. జిటా వైపు సరుకు మోసేటప్పుడు ఉడామా మండలంలో ఆటోపైలట్ పెట్టి టీకి లేవకండి. ఆటోపైలట్ ఓడను గేటు ముందు కాకుండా కొన్ని కిలోమీటర్ల ఇవతల దించుతుంది. ఆ కొద్ది దూరం నత్తనడకన పోయేలోపే మాటుగాళ్ల పని అయిపోతుంది. ఓడ విలువకు మించిన సరుకు ఒకే విడత వేయకండి. చాట్‌లో ఎవరైనా మిమ్మల్ని వాయిస్ గదికి పిలిచి పోయిన సొమ్ము తిరిగిస్తామంటే, ఆట మూసేసి ఫిర్యాదు పెట్టండి.