డోలివారి శోకగానము

నేడు నేను ముచ్చటింపదలచినది చావుపాట చరిత్ర. అమంగళమని చెవులు మూసికొనకుడు. మన ఆదికావ్యము పుట్టినది క్రౌంచపక్షి మరణమును జూచి వాల్మీకి పొందిన శోకమునుండియే గదా! భవభూతి మహాకవి రసములన్నిటికిని కరుణమే మూలమని తలచెను. సీతను గోల్పోయి రాముడు విలపించినది ఈ పర్ణశాలయందే యని మన ప్రాంతమువారి విశ్వాసము. కావున శోకగానమును గూర్చి మాటలాడుటకు ఇంతకంటె తగిన చోటు లేదు.

మన చుట్టునున్న కోయపల్లెలలో ఈ గానమునే కులవృత్తిగా గలవారు కలరు. వారే డోలివారు. వీరును కోయలే. పెండ్లికి, వేల్పుల కొలుపునకు, చావునకు డోలు, కొమ్ము, కంచుతాళము గొనివచ్చి వాయింతురు. వారియొద్ద పడిగె యను బొమ్మల గుడ్డ యుండును. అందు ఆ వంశపు పెద్దలును వేల్పులును చిత్రింపబడి యుందురు. కోయలు తమ్ము గట్టులుగా విభజించుకొన్నారు. మృతుడు ఏ గట్టువాడు, ఏ వేల్పును గొలిచెడివాడు, అతని పూర్వులు ఏ పోరున బడిరి, ఏ వాగు దాటి యెచ్చట నిలిచిరి అను కథను డోలివాడు పాడును. పెద్ద డోలు గంభీరముగా మ్రోగుచుండ, ఏడ్చువారు ఏడ్పు నాపి వినుట నేను పలుమారులు చూచితిని. తమ యింటివాడు ఒంటరిగా పోవుటలేదనియు, పెద్దల వరుసలో చేరుచున్నాడనియు వారికి అప్పుడు తోచును. అదియే వారికి ఓదార్పు.

చరిత్రయనగా శాసనములు, తాళపత్రములు, సర్కారు దస్తరములు అని మనము నేర్చితిమి, పిల్లలకును నేర్పితిమి. మన దస్తరముల సంగతి యెట్టిది? భద్రాచల ప్రాంతము 1860లో నైజాము చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1874లో చెన్నపురి రాజధానియందలి గోదావరి జిల్లాలో చేరెను. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. దొరతనము మారినప్పుడెల్ల కచేరీ మారినది. కోయవాని వంశచరిత్ర మాత్రము ఏ కచేరీకిని పోలేదు. డోలివాని కంఠముననే నిలిచినది.

కాగితముపై వ్రాసినవారు లేకపోలేదు. మన ప్రక్కనున్న దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ అను క్రైస్తవ బోధకుడు 1876 మొదలుకొని ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో ఈ తాలూకాలను గూర్చి వ్రాసెను. థర్‌స్టన్ దొర 1909లో ప్రకటించిన ఏడు సంపుటముల గ్రంథమునకు ఆ వ్రాతలు ఆధారమయ్యెను. శవమును చితిపై నుంచినపిమ్మట పశువును వధించి దాని తోకను మృతుని చేతిలో నుంచు ఆచారము అందు వర్ణింపబడినది. ఆ గ్రంథమువలన ఆచారము తెలియును గాని, చితిపై నున్నవాని పేరు తెలియదు. ఆ పేరు డోలివాని పాటలో నుండును.

ఈ గానమునకు మిక్కిలి గొప్ప యుదాహరణము మేడారము. కరవుకాలమున కప్పము చెల్లింపజాలని కోయలపై కాకతి ప్రతాపరుద్రుని సేన దండెత్తెననియు, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరున గూలిరనియు, జంపన్న సంపెంగవాగున బడెననియు, సమ్మక్క చిలుకలగుట్టపై అదృశ్యమయ్యెననియు చెప్పుదురు. ఇది ఓటమి కథ. గెలిచినవారికి శాసనములు కలవు. ఓడినవారికి పాటయే దిక్కు. అయినను, రెండేండ్లకొకమారు మాఘమాసమున లక్షలకొలది జనులు మ్రొక్కుటకు వచ్చునది ఈ ఓడినవారియొద్దకే. 1996లో ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించెను.

ఈ కథలను జీవితాంతము మోసినవాడు సకిని రామచంద్రయ్య. ఆయనది మణుగూరు మండలమునందలి కూనవరము. శబరీసంగమము కడ నున్న కూనవరము వేరు. కంచుమేళ కంచుతాళములయందు ఆయన ప్రజ్ఞ ప్రసిద్ధము. సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు, గరికామరాజు కథలను కోయభాషయందును తెనుగునందును పాడెడివాడు. భారత ప్రభుత్వము 2022లో ఆయనకు పద్మశ్రీ నొసగెను. 2024 జూన్ నెలలో ఆయన కాలధర్మము నొందెను. ఎందరి చావునకో వంశకథ పాడు కులమున ఆ దినమున ఒక పెద్ద గొంతు మూగవోయెను.

పట్టణమున చదువుకొనుచున్న మా మనుమడు నాకొక సీమదేశపు సంగీతమును వినిపించెను. ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డ్ అను ఉన్నిమిల్లుల పట్టణమున 1990లో ‘మై డయింగ్ బ్రైడ్’ అను మేళము పుట్టినదట. మరణించుచున్న నా వధువు అని దాని యర్థము. మిక్కిలి మందమైన నడక, బరువైన మ్రోత, నడుమ ఫిడేలు రోదనము, మరణమును గూర్చిన పదములు! మొదట నాకు కర్ణకఠోరముగా దోచెను. కొంతసేపు వినగా, వీరును ఏడ్పునకు ఒక తాళము వెదకుచున్నారే యని తోచినది. దుఃఖమును వేగముగా పాడలేమని సీమవానికిని తెలియును, మన డోలివానికిని తెలియును. అయితే ఒక భేదమున్నది. ఆ మేళపు మొదటి పెద్ద రికార్డు 1992లోనే వెలువడినది. పిమ్మట మేళమునందు పలువురు మారిరి; అయినను నాటి పాట నేటికిని వినబడుచున్నది. డోలివాడు పోయిన, నేర్చినవాడు లేనిచో, అతనితోడ పాటయు, ఆ పాటయందున్న నూరు తరముల పేరులును పోవును.

ఇది కేవలము ఊహ కాదు. 2014లో పోలవరము ప్రాజెక్టుకొరకు భద్రాచల ప్రాంతమునందలి మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున కలుపబడెను. ముంపు పల్లెల కోయలు పునరావాస కాలనీలకు తరలుచున్నారు. పాటయందలి వాగు, గుట్ట, వేల్పుచెట్టు నీటిలో మునిగిన, ఆ పేరులు పిల్లలకెట్లు తెలియును?

పెద్దలారా, మనలో చావుమేళమని డోలివానిని చిన్నచూపు చూచువారు కలరు. ఇంటి అరుగుపై కూర్చుండ జెప్పుటకును సంకోచించువారు కలరు. పురాణము చెప్పువానికి పీటవేసి, వంశము చెప్పువానిని వాకిట నిలుపుట ఏమి న్యాయము? మీ పల్లెకు డోలివాడు వచ్చినప్పుడు కూర్చుండబెట్టుడు. అతడు సమ్మతించినచో, బడిపిల్లలచేత ఆ కథను వ్రాయింపుడు. చేతనున్న సెల్‌ఫోనులో గొంతును పట్టింపుడు. అతని కుమారుడు డోలు నేర్చుటకు సిగ్గుపడకుండునట్లు నాలుగు మంచిమాటలు పలుకుడు. ఇందుకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు.